బటన్ వదిలినా ఆగని వించ్: కొత్త బ్యాటరీ కొనేముందు

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మాది విశాఖలో మధురవాడ. నా దగ్గర 2015 మోడల్ థార్ సీఆర్‌డీఈ డీజిల్ జీపు ఉంది. చోడవరం అవతల మా మావయ్యగారి జీడితోటకి వెళ్లినప్పుడల్లా వానాకాలంలో బండి దిగబడుతోందని మూడు నెలల కిందట 9,500 పౌండ్ల 12 వోల్టుల వించ్ (తాడు చుట్టి బండిని లాగే కరెంటు మోటారు) బిగించాను. ఖాళీగా తాడు చుట్టేటప్పుడు చక్కగా తిరుగుతుంది. లోడు పడగానే నెమ్మదించి, వించ్ స్విచ్చులుండే డబ్బాలోంచి టకటకమని చప్పుడు చేస్తూ ఆగి ఆగి లాగుతుంది. హెడ్‌లైట్లు మాత్రం మామూలుగానే వెలుగుతున్నాయి. మొన్నయితే రిమోట్ బటన్ వదిలేసినా తిరుగుతూనే ఉంది, పానాతో డబ్బా మీద రెండు దెబ్బలు వేస్తే ఆగింది. బిగించినతను బ్యాటరీ చాలట్లేదు, రెండోది వేయించమంటున్నాడు. నెగటివ్ వైరు ముందు బంపర్ బోల్టుకి ఇచ్చాడు. ఎలాగూ పని చేయిస్తున్నాను కదా అని డ్యాష్‌బోర్డు మీద స్విచ్, వైర్‌లెస్ రిమోట్ కూడా పెట్టించుకుందామనుకుంటున్నాను. ఏ బ్యాటరీ తీసుకోమంటారు? రిమోట్ ఏది మంచిది?

సమాధానం: రెండూ కొనొద్దు. కనీసం ఈ నెల కొనొద్దు.

హెడ్‌లైట్ల గురించి మీరు రాసిన ఆ ఒక్క వాక్యం నా పని సగం తగ్గించింది. బ్యాటరీ నీరసించి ఉంటే వించ్‌తో పాటు దీపాలూ మసకబారాలి. రెండూ ముంచుకునేది ఒకే కుండలోంచి. దీపాలు నిక్షేపంగా వెలుగుతూ వించ్ ఒక్కటే ఆయాసపడుతోందంటే కుండలో నీళ్లున్నాయి, వించ్ దాకా వెళ్లే గొట్టమే సన్నం. ఇప్పుడు మీరు రెండో కుండ తెచ్చి అదే సన్నగొట్టానికి తగిలిస్తే డబ్బులు పోతాయి, టకటక మాత్రం పోదు.

ఇంకోమాట. మీరు రెండు రోగాలు రాశారు, లోడు పడితే టకటక ఒకటి, బటన్ వదిలినా ఆగకపోవడం ఒకటి. అవి రెండు కావు. మొదటిది ముదిరితే వచ్చేదే రెండోది.

డబ్బాలో జరుగుతున్నది ఇది. మీరు బటన్ నొక్కగానే పెద్ద కరెంటుని కలిపే స్విచ్, అంటే సోలనాయిడ్‌లోని తీగచుట్ట అయస్కాంతంగా మారి ఒక రాగిపలకను లాగుతుంది. ఆ పలక రెండు దిమ్మెలకు ఆనుకుంటే పెద్ద కరెంటుకి దారి తెరుచుకుంటుంది. లోడులో ఉన్న మోటారు ఆ క్షణానే మూడొందల ఆంపియర్లు గుంజుతుంది. అంత కరెంటు సన్నవైరులోంచి, చెడ్డ ఎర్తులోంచి (కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే దారి) రావాలి కాబట్టి దారిలోనే వోల్టేజీ కరిగిపోయి డబ్బా దగ్గరికి ఏడో ఎనిమిదో వోల్టులు చేరతాయి. చుట్ట కరెంటు తీసుకునేది కూడా ఆ డబ్బాలోంచే. దానికి పట్టు చాలక పలకను వదిలేస్తుంది. వదలగానే మోటారు ఆగుతుంది, వోల్టేజీ మళ్లీ లేస్తుంది, చుట్ట మళ్లీ లాగుతుంది. సెకనుకి నాలుగైదుసార్లు ఇదే తంతు. మీకు వినపడే టకటక అదే.

ఒక్కో టక్కుకీ లోపల ఒక నిప్పు లేస్తుంది. వెల్డింగ్ చేసేవాడు రాడ్డుని ఇనుముకి తాకించి తీసి, తాకించి తీసి ఆర్క్ పుట్టిస్తాడు చూడండి, మీ సోలనాయిడ్ చేస్తున్నదీ అదే పని. అలా మూడు నెలలు కాలిన పలక ఒకరోజు దిమ్మెకు అతుక్కుపోయింది. మీరు బటన్ వదిలారు, చుట్ట కూడా వదిలేసింది, పలక మాత్రం వదల్లేదు. పానాదెబ్బకి ఆ అతుకు ఊడింది. తాడు వదులుగా ఉన్నప్పుడు జరిగి ఉంటుంది కాబట్టే మీరు కూర్చుని నాకు ఉత్తరం రాయగలిగారు.

కాబట్టి ఆ డబ్బా పని అయిపోయింది. ఒకసారి అతుక్కున్నది మళ్లీ అతుక్కుంటుంది. విప్పి, ఆకురాయితో గీకి నున్నగా చేసి ఇస్తామనేవాళ్లు ఉంటారు, ఇవ్వొద్దు. కొత్త కాంటాక్టర్ (ఈ సోలనాయిడ్ల డబ్బాకే ఇంకో పేరు) వేయించండి, కానీ చివర్లో. ముందు వేస్తే పాత వైర్లు దాన్నీ కాల్చేస్తాయి. ట్రాక్టరు సెల్ఫ్ సోలనాయిడ్లు నాలుగు కొని సర్దేద్దామని ఎవరైనా అంటే అదీ వద్దు. అవి ఇంజిన్ స్టార్టయ్యే నాలుగైదు సెకన్ల కోసం చేసినవి. నిమిషంపాటు పట్టుకుంటే వాటి చుట్టలే కాలిపోతాయి.

ఇప్పుడు గొట్టం సంగతి. 9,500 పౌండ్లంటే నాలుగువేల మూడొందల కిలోల చిల్లర. ఆ స్థాయిలో లాగితే ఈ తరగతి వించ్ సుమారు నాలుగొందల ఆంపియర్లు తీసుకుంటుంది. పన్నెండు వోల్టులతో గుణిస్తే 4,800 వాట్లు. ఇంట్లో టన్నున్నర ఏసీలు మూడు ఒకేసారి నడిపినంత. ఖాళీగా తిరిగేటప్పుడు అరవై, ఎనభై ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది, అందుకే తాడు చుట్టేటప్పుడు మీకు ఏ లోపమూ కనిపించట్లేదు. షాపు ముందు తాడు ఓసారి తిప్పి చూపించి డబ్బులు తీసుకున్నవాడిని తప్పుపట్టలేం, అక్కడ అది బాగానే తిరిగింది మరి.

మీ వైరు ఎంత మందమో రాయలేదు. మూడు నెలలకే ఈ లక్షణాలు వచ్చాయంటే 16 స్క్వేర్ ఎంఎం అయ్యుంటుందని నా అనుమానం. పదహారుదైతే మీటరుకి వెయ్యో వంతు ఓమ్‌కి కాస్త పైన నిరోధం ఉంటుంది. వినడానికి లెక్కలోకి రానట్టుంది. పోనూ రానూ నాలుగు మీటర్లు, నాలుగొందల ఆంపియర్లు వేసి చూడండి, వైర్లలోనే 1.7 వోల్టులు పోతాయి. అదే 35 స్క్వేర్ ఎంఎం అయితే 0.8, యాభై అయితే 0.55. మీ బండికి నేను యాభైది వేయమంటాను. వంగనని మొరాయిస్తుంది, డబ్బూ ఎక్కువే, అయినా ఒక్కసారి పని.

అయితే మీ బండిలో అసలు దొంగ వైరు కాకపోవచ్చు, బంపర్ బోల్టు. కరెంటు వించ్ దాకా వెళ్లడం ఎంత ముఖ్యమో తిరిగి బ్యాటరీకి చేరడమూ అంతే ముఖ్యం. బంపర్ మీద రంగు, దాని కింద ప్రైమర్, బంపర్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఇంకో బోల్టు, అక్కడా రంగు, ఛాసిస్ నుంచి బ్యాటరీకి ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన పట్టీ. సెల్ఫ్ మోటారు కోసం వేసిన పట్టీకి ఇంత పని పెట్టారు. ఈ దారంతటిలో ఓమ్‌లో వెయ్యో వంతులు ఓ అయిదు కూడబెట్టుకున్నా, మూడొందల ఆంపియర్ల దగ్గర వోల్టున్నర అక్కడే ఆవిరైపోతుంది, 450 వాట్ల వేడి పుడుతుంది. ఇస్త్రీపెట్టె వేడిలో సగం ఆ బోల్టు దగ్గరే. పగటి వెలుతురులో వంగి చూడండి. బోల్టు చుట్టూ రంగు కమిలి గోధుమరంగుకి తిరిగిందా, వాషర్ నీలం తేలిందా? తేలితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఎర్తు ఛాసిస్‌కి ఇవ్వొద్దు. వించ్ మోటారు నెగటివ్ దిమ్మె నుంచి ప్లస్ ఎంత మందమో అంత మందం వైరుతో నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి వెళ్లండి. మీది పాత థార్ కాబట్టి ఇంత తేలిగ్గా చెబుతున్నాను. బ్యాటరీ నెగటివ్ మీద చిన్న సెన్సర్ డబ్బా ఉన్న కొత్త బళ్లవాళ్లు ఇది చదివి అలాగే చేసేయకండి, మీ మాన్యువల్‌లో ఎర్తు ఎక్కడ ఇవ్వమన్నాడో చూసి అక్కడే ఇవ్వండి.

నా మాట నమ్మి వైరు కొనడం కంటే ముందు కొలవండి. రెండొందల రూపాయల మల్టీమీటరైనా చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఒక కొసను బ్యాటరీ ప్లస్ దిమ్మెకీ (క్లాంపుకి కాదు, సీసపు దిమ్మెకే), రెండో కొసను సోలనాయిడ్ డబ్బాలో ప్లస్ వైరు బిగించిన స్టడ్‌కీ (మరలున్న దిమ్మెకీ) పట్టించండి. వించ్ ఆగి ఉన్నప్పుడు సున్నా చూపిస్తుంది. లోడులో తిరుగుతున్నప్పుడు ఎంత చూపిస్తే అంత వోల్టేజీ ఆ వైరు తినేస్తోందన్నమాట. అర వోల్టు దాటితే ఆ వైపు బాగోలేదు. తర్వాత అదే పని నెగటివ్ వైపు, బ్యాటరీ నెగటివ్ దిమ్మె నుంచి మోటారు నెగటివ్ స్టడ్‌కి. మీ బండిలో ఈ రెండో అంకె పెద్దదిగా వస్తుందని నా పందెం.

లోడు పెట్టడం ఎలాగంటే, కొంచెం ఎత్తుగా ఉన్న మట్టిదారిలో లావుపాటి చెట్టుకి వెడల్పాటి పట్టా చుట్టి, బండిని న్యూట్రల్‌లో పెట్టి మిమ్మల్ని మీరే పైకి లాక్కోండి. బ్రేకు వేసి మొండిగా లాగించొద్దు. మీటరు పట్టుకుని బానెట్ పక్కన మాత్రం నిలబడొద్దు, తాడు బిగిసి ఉన్నప్పుడు బండి ముందుభాగం మనిషి ఉండాల్సిన చోటు కాదు. నేనేం చేస్తానంటే, మూడేసి మీటర్ల సన్నవైరు రెండు ముక్కలకి మొసలినోటి క్లిప్పులు తగిలించి, వాటిని దిమ్మెలకి పట్టించి, అద్దం సందులోంచి లోపలికి లాగి, మీటరుని సీటు మీద పెట్టుకుని చూస్తాను. వోల్టేజీ కొలవడానికి సన్నవైరు ఎంత పొడుగున్నా తేడా రాదు. క్లాంప్ మీటరుతో ఆంపియర్లు కూడా చూద్దామనుకుంటే, ఏసీలు బిగించే కుర్రాళ్ల దగ్గరుండేవి చాలావరకు ఏసీ కరెంటునే కొలుస్తాయి. డీసీ కొలిచేదేనా అని అడిగి మరీ తీసుకోండి.

అంకెలు వచ్చాక వైరు. గాజువాక ఆటోనగర్ వెళ్తే వెల్డింగ్ కేబుల్ దొరుకుతుంది. సన్నని పోగులతో మెత్తగా ఉంటుంది కాబట్టి వించ్‌కి అది బాగా పనికొస్తుంది. కాకపోతే వెల్డింగ్ కేబుల్ పేరుతో అల్యూమినియమూ అమ్ముతారు, అల్యూమినియం మీద రాగిపూత వేసిందీ అమ్ముతారు. రాగితో పోలిస్తే అల్యూమినియం నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉన్నప్పుడే అనుమానపడండి. ఒక పోగు లాగి చాకుతో గీకండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా తేలితే అది పూత, షాపులోనే వదిలేయండి. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా తేలితే మాత్రం ఎగిరి గంతేయండి, అది కళాయి వేసిన రాగి. పడవలకి వాడే సరుకు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల కరెంటుపని చేసేవాళ్లని అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు.

ఈ కళాయి గొడవ ఎందుకంటే మన ఊరి గాలి అలాంటిది. భీమిలి రోడ్డులో ఏడాది తిరిగిన బండి లగ్గు (వైరు కొసకి నొక్కి బిగించే రాగి తొడుగు) ఒకటి విప్పి చూడండి. రాగి మీద పచ్చటి చిలుము, వైరు తొడుగు కోసి చూస్తే జానెడు లోపలిదాకా పోగులు నల్లబడి ఉంటాయి. వైరు మందం యాభైయే, కరెంటు పోయేది మాత్రం అందులో మిగిలిన మంచి పోగుల్లోంచే. అందుకని లగ్గు దగ్గర గాలి దూరకుండా చేయడం వైరు మందమంత ముఖ్యం. సుత్తితో కొట్టి బిగించిన లగ్గులు వద్దు, హైడ్రాలిక్ ప్రెస్సుతో ఆరు పలకలుగా నొక్కేవాళ్ల దగ్గరికి వెళ్లండి. నొక్కాక పట్టుకుని గట్టిగా లాగండి, మెలితిప్పండి. ఇంత కదిలినా కోసేసి మళ్లీ కొట్టించండి. కొందరు పైనుంచి సీసం కరిగించి పోస్తే గట్టిదనుకుంటారు. సీసం పోగుల వెంట పైకి పాకి అక్కడ వైరు కర్రలా బిగుసుకుపోతుంది, బండి అదురుకి సరిగ్గా అక్కడే తెగుతుంది. నొక్కిన లగ్గు మీద లోపల జిగురున్న, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం వేయించండి. స్టడ్‌కి బిగించాక పైన వాజిలిన్ దట్టంగా పూయండి. గమనించండి, బిగించాక, బయట మాత్రమే.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు అడగనిదీ, నేను ముందు కొనమనేదీ ఒకటుంది. ఐసొలేటర్, అంటే మెయిన్ కటాఫ్ స్విచ్.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని దులిపేసింది గుర్తుందిగా. మర్నాడు మా వీధిలో నిద్రగన్నేరు ఒకటి అడ్డంగా పడి, అటువాళ్లు అటే ఇటువాళ్లు ఇటే. నా స్నేహితుడి పాత ఎంఎం 540 జీపుకి వించ్ ఉంది. రంపాలతో కొమ్మలు కొట్టేశాం, మోడుకి గొలుసు వేసి లాగుతున్నాం. మోడు పక్కకి జరిగింది, అందరూ ఈలలు. వాడు బటన్ వదిలాడు. తాడు ఆగలేదు. మోడు మా మీదికే రావడం మొదలెట్టింది. రిమోట్ పీకాం, ఆగలేదు. తాళం తీశాం, ఇంజిన్ ఆగింది గాని వించ్ ఆగలేదు, దానికి ఇంజినుతో పనేముంది, బ్యాటరీ చాలు. "తియ్యండ్రా, వైరు తియ్యండ్రా" అని ఎవరో అరుస్తున్నారు. పది నంబరు పానా కోసం సీటు కింద తడుముతుంటే చేతికి ముందు స్క్రూడ్రైవరు, తర్వాత ప్లగ్ పానా, ఆ తర్వాతే అది దొరికింది. నేను క్లాంపు వదులుచేసి పీకేటప్పటికి లేచిన మెరుపు ఇప్పటికీ కళ్లలో ఉంది. మోడు బంపరుకి ఆనింది, రోలర్ల బ్రాకెట్ వంకరపోయింది. మనుషులకి ఏమీ కాలేదు. మొత్తం కలిపి అర నిమిషం కూడా పట్టి ఉండదు. ఆ సాయంత్రమే చిమ్నీ వెలుతురులో ఇద్దరం కూర్చుని కటాఫ్ స్విచ్ ఎక్కడ పెట్టాలో గీసుకున్నాం.

మీదీ అదే జబ్బు. అతుక్కున్న కాంటాక్టర్‌ని ఆపడానికి రిమోట్ పనికిరాదు, డ్యాష్‌బోర్డు స్విచ్ పనికిరాదు, వైర్‌లెస్ అసలే పనికిరాదు. అవన్నీ చుట్టతో మాట్లాడేవి, అతుక్కున్నది పలక. బ్యాటరీకీ వించ్‌కీ మధ్య చేత్తో తిప్పి తెంపే స్విచ్ ఒక్కటే దాన్ని ఆపగలదు. దానికి బదులు కేబిన్‌లోంచి నడిచే ఇంకో సోలనాయిడ్ వేస్తామనేవాళ్లున్నారు. అతుక్కునేదానికి కాపలాగా అతుక్కునేదాన్నే పెట్టడం అది.

కొనేటప్పుడు అంకె చూడండి. ఎర్రటి తాళంచెవితో చవగ్గా దొరికేవాటిలో చాలావరకు నికరంగా వంద ఆంపియర్లే మోస్తాయి. మీకు నికరంగా మూడొందలు, కొద్దిసేపటికి అయిదొందలకు పైన మోసేది కావాలి. ప్లస్ వైరులో, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, డ్రైవరు వైపు ఫెండర్ లోపలి గోడ మీద బానెట్ వెనక అంచు దగ్గర పెట్టించండి. తలుపు పక్కన నిలబడి చేయి చాపితే అందాలి. వించ్ అవసరం లేనప్పుడు ఎప్పుడూ తెంపే ఉంచండి. అలా ఉంచితే బంపరు దాకా వెళ్లే ఆ లావుపాటి వైరు మామూలు ప్రయాణంలో చచ్చిన వైరు. రేపు ముందునుంచి ఎవడైనా గుద్దినా, వైరు ఇనుముకి రాసుకుని తొడుగు పోయినా నిప్పు పుట్టదు. ఫ్యూజు వేయాలా అని చాలామంది అడుగుతారు. చాలా కంపెనీలు పెద్దవైరుకి ఫ్యూజు ఇవ్వవు, ఎందుకంటే లాగేటప్పుడే నాలుగొందలు పోయేదానికి ఇక ఫ్యూజు ఎంతది వేస్తారు? నా వరకు దగ్గరగా పెట్టిన ఐసొలేటరూ, వైరు మీద గట్టి గొట్టమూ ఉంటే చాలు.

ఒక్క జాగ్రత్త. ఐసొలేటర్ వించ్ వైరులోనే ఉండాలి, బండి మొత్తం బ్యాటరీ వైరులో కాదు. ఇంజిన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీని తెంపేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగురుతుంది. మీది సీఆర్‌డీఈ, అందులో ఇంజినుని నడిపేదే కంప్యూటరు. ఆ దెబ్బ దానికి తగిలితే వించ్ ఖరీదు చిన్నదిగా కనిపిస్తుంది.

ఇవన్నీ అయ్యాక డ్యాష్‌బోర్డు స్విచ్ హాయిగా పెట్టుకోండి, అది మంచి కోరికే. బురదలో దిగి రిమోట్ తీగ పట్టుకుని నిలబడటం కంటే లోపల కూర్చుని బానెట్ ఎత్తి ఉంచి లాక్కోవడం నయం. పెద్దవైర్లు కేబిన్‌లోకి తేనక్కర్లేదు. రిమోట్ సాకెట్టు వెనక సన్నవైర్లు ముఖ్యమైనవి మూడుంటాయి. ఒకటి ప్లస్ వచ్చేది, ఒకటి ఇన్ (తాడు లోపలికి) చుట్టకి, ఒకటి అవుట్ (తాడు బయటికి) చుట్టకి వెళ్లేవి. రంగులు కంపెనీకొక తీరు, మీటరు పెట్టి గుర్తుపట్టండి. చుట్టలు తాగేది కొద్ది ఆంపియర్లే కాబట్టి 1.5 స్క్వేర్ ఎంఎం వైరు సరిపోతుంది. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటునుంచి పది ఆంపియర్ల ఫ్యూజు మీదుగా తీసుకోండి. దాని తర్వాత మధ్యలో ఆఫ్ ఉండే మూడు స్థానాల స్విచ్ ఒకటి వేయండి. పైకి వేస్తే కేబిన్ బటన్‌కి కరెంటు, కిందికి వేస్తే బయటి సాకెట్టుకి, మధ్యలో ఎవరికీ లేదు. సాకెట్టు ప్లస్‌ని డబ్బాలో స్టడ్ నుంచి విడదీసి ఈ స్విచ్‌కి కలపాలి, అది మర్చిపోతే ఇదంతా వృథా. కేబిన్ బటన్ మాత్రం వదిలితే మధ్యకి తిరిగొచ్చేదే కావాలి. నొక్కితే అక్కడే నిలిచిపోయే మామూలు దీపాల స్విచ్ వేసినవాడి చేతికి నా జీపు ఇవ్వను.

ఇంత తంటా ఎందుకంటే, లోపలివాడు ఇన్, బయటివాడు అవుట్ ఒకేసారి నొక్కితే, సోలనాయిడ్లు నాలుగూ విడివిడిగా ఉండే డబ్బాల్లో అన్నీ ఒకేసారి మూసుకుంటాయి. అప్పుడు కరెంటు మోటారులో కదలని ఫీల్డు చుట్టలను దాటేసి నేరుగా తిరిగే భాగమైన ఆర్మేచర్‌లోకి దూకుతుంది. ఈసారి మీకు కొత్త కాంటాక్టర్ ఎలాగూ కావాలి కాబట్టి రెండు వైపులూ ఒకేసారి మూసుకోకుండా లోపలే అడ్డు ఉండే, అంతా ఒకటే ముక్కగా వచ్చే రకం తీసుకోండి.

ఫీల్డు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. కొత్త డబ్బా వేశాక ఇన్ నొక్కితే తాడు బయటికి వెళ్లొచ్చు. అప్పుడు బ్యాటరీ ప్లస్ మైనస్‌లు తారుమారు చేసేవాళ్లని చూశాను. మీది సిరీస్ మోటారైతే (ఫీల్డులోంచి పోయిన కరెంటే ఆర్మేచర్‌లోకీ పోయే రకం) అలా చేసినా అటువైపే తిరుగుతుంది, ఫీల్డూ ఆర్మేచరూ రెండూ కలిసి తారుమారవుతాయి కాబట్టి. మోటారు మీద ఎఫ్1, ఎఫ్2 అని రాసిన రెండు దిమ్మెల వైర్లు ఒకదానికొకటి మార్చాలి. తాడుని డ్రమ్ము మీద ఎదురుగా చుట్టి సరిపెట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. డ్రమ్ములో ఉండే బ్రేకు ఒక దిక్కుకే పట్టేరకం, ఎదురు చుడితే బండి ఏటవాలులో వేలాడుతున్నప్పుడు అది పట్టుకోదు.

వైర్‌లెస్ గురించి నా అభిప్రాయం అడిగారు. ఉంటే సుఖం, దాన్నే నమ్ముకుంటే కష్టం. రిమోట్‌లో సెల్లు అయిపోయేది వానలో, చీకట్లో, తోటలోనే. రిసీవర్ ఇరవైనాలుగు గంటలూ మేల్కొని కొద్దికొద్దిగా బ్యాటరీ తాగుతుంది. మీ మూడు స్థానాల స్విచ్‌లో బయటి సాకెట్టు వైపునుంచే దానికీ కరెంటు ఇవ్వండి, అప్పుడు మీరు అనుమతిస్తేనే లేస్తుంది. వైరు రిమోట్ మాత్రం బండిలోంచి తీయొద్దు.

చివరికి బ్యాటరీ. నాలుగొందలు పోతుంటే ఆల్టర్నేటర్ గట్టిగా ఇస్తే వంద ఇస్తుంది. మిగతా మూడొందలు బ్యాటరీలోంచే, అంటే నిమిషానికి అయిదు ఆంపియర్ అవర్లు. మీ బ్యాటరీ అరవై అయిదు ఆంపియర్ అవర్లది అనుకుంటే ఆగకుండా లాగితే ఎన్ని నిమిషాలో మీరే చూడండి. ఎటుతిరిగీ మోటారు కూడా అంతసేపు ఓర్చుకోదు. ఇంజిన్ కాస్త రైజ్ చేసి నిమిషం లాగండి, చేత్తో మోటారు తొడుగు ముట్టుకుని చూడండి, అయిదారు నిమిషాలు ఆగండి, మళ్లీ లాగండి. అప్పుడప్పుడు తోటకి వెళ్లే మనిషికి రెండో బ్యాటరీ దండగ. దానికి పెట్టే డబ్బులో కొంత పెడితే స్నాచ్ బ్లాక్ వస్తుంది, అంటే మన బావి గిలకే, కాకపోతే ఉక్కుది. తాడుని దాని చుట్టూ తిప్పి కొక్కెం మళ్లీ మీ బండికే తగిలిస్తే వించ్ మీద బరువు దాదాపు సగమవుతుంది, కరెంటు కూడా బాగా తగ్గుతుంది. బండి సగం వేగంతో వస్తుంది, రానివ్వండి. పైగా తాడు ఎక్కువ బయటికి వెళ్తుంది, అదీ లాభమే. పెట్టె మీద రాసిన 9,500 పౌండ్ల బలం డ్రమ్ము మీద మొదటి వరసకే, పైన చుట్టు పెరిగేకొద్దీ వరసకి పదో వంతుకి పైగానే తగ్గిపోతుంది. ఉక్కుతాడైతే డ్రమ్ము మీద అయిదు చుట్లు, సింథటిక్ అయితే పది మిగిలేలా చూసుకోండి.

మీరు రాయలేదు గాని, వించ్ కోసం ముందు ఇనుప బంపరు కూడా మార్పించి ఉంటారు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డుల (బండి ముందు అదనంగా బిగించే ఇనుప అడ్డుకమ్మీల) మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద. మీ బంపరు ఆ లెక్కలోకి వస్తుందేమో ఓసారి ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి. ఘాట్‌రోడ్డు చెక్‌పోస్టులో తెలుసుకోవడం కంటే అది నయం.

ముందు ఐసొలేటర్ పెట్టించి, ఈ ఆదివారం ఆ రెండు కొలతలూ తీయండి, ప్లస్ వైపుది, నెగటివ్ వైపుది. వైర్లు విప్పేటప్పుడు బ్యాటరీ నెగటివ్ ముందు తీయండి, చివర్న బిగించండి. అంకెలతో పాటు బంపర్ బోల్టు ఫొటో ఒకటి పంపితే ఎన్ని అడుగుల వైరు, ఏ సైజు లగ్గులు కావాలో రాస్తాను. అప్పటిదాకా, కొలిచేటప్పుడు తప్ప, వించ్ ప్లస్ వైరు బ్యాటరీ నుంచి విప్పి, కొసకి టేపు చుట్టి ఉంచండి. తోటకి వెళ్లాల్సివస్తే మావయ్యగారిని ట్రాక్టరు అడగండి.